ముదిమికి రెండు వందలేనా?

వృద్ధాప్య పింఛనులో కేంద్ర ప్రభుత్వ వాటా నెలకు 200 రూపాయలు. 60 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న నిరుపేదలకు ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను పథకం కింద ఢిల్లీ పంపేది ఇంతే. 1995 ఆగస్టు 15న 75 రూపాయలతో మొదలైన ఈ సాయం పదకొండేళ్ల తర్వాత 200 అయింది. 2007లో పథకం పేరు మార్చారు. 2011లో అర్హత వయసును 65 నుంచి 60కి తగ్గించి, 80 దాటినవారికి 500 చేశారు. మిగిలినవారి 200 మాత్రం కదల్లేదు. ఈలోగా ధరలు మూడింతలు దాటాయి. రోజుకు ఏడు రూపాయలైనా పడని ఈ మొత్తాన్ని సామాజిక భద్రత అనడానికి పాలకులకు నోరెలా వస్తోంది? పెంచాలని పార్లమెంటు గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం పదేపదే సిఫార్సు చేసింది. ప్రభుత్వాలు మారినా సిఫార్సులు బుట్టదాఖలు అవుతూనే ఉన్నాయి.

ధరలను బట్టి పింఛను పెంచే పద్ధతి కేంద్రానికి తెలియనిదేమీ కాదు. ఎంపీల జీతాలను 2018లో ధరల సూచీతో ముడిపెట్టారు. ఆ లెక్క ప్రకారమే 2025 మార్చిలో వారి జీతం లక్ష నుంచి 1.24 లక్షలకు, మాజీ ఎంపీల కనీస పింఛను 25,000 నుంచి 31,000కు పెరిగింది. పైగా 2023 ఏప్రిల్ నుంచే వర్తింపజేశారు. ప్రభుత్వోద్యోగులకు ఏటా రెండుసార్లు కరువు భత్యం సవరిస్తున్నారు. వాళ్లకు పెంచడం తప్పని మేం అనడం లేదు. కందిపప్పు ధర మాజీ ఎంపీ ఇంట్లో ఎంతో, కూలికి పోలేక మూలన కూర్చున్న అవ్వ ఇంట్లోనూ అంతే కదా! ఒకరికి చట్టమే పెంచి పెడుతుంటే ఇంకొకరు దయ కోసం రెండు దశాబ్దాలు ఎదురుచూడాలా? జీవితమంతా భవిష్యనిధికి చందా కట్టిన కార్మికుల గతీ ఇలాగే ఉంది. 2014లో వారికి నిర్ణయించిన కనీస పింఛను వెయ్యి రూపాయలు దశాబ్దం దాటినా వెయ్యిగానే ఉంది.

కేంద్రం వదిలేసిన బరువును రాష్ట్రాలు మోస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 రూపాయల పింఛను ఒకటో తారీకున ఇంటికే వస్తోంది. తెలంగాణలో 2014లో వెయ్యితో మొదలైన ఆసరా పింఛను 2019లో 2,016 అయింది. 4,000 చేస్తామన్న 2023 ఎన్నికల హామీ రెండేళ్లు గడిచినా అమలు కాలేదు. భద్రాచలంలో ఉన్న తాతకు, దాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక తాతకు ఒకే మార్కెట్టు, ఒకే బియ్యం ధర. రాష్ట్ర సరిహద్దు దాటితే పింఛను మాత్రం సగం. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన మాట నిలుపుకోవాలి. ఆంధ్రప్రదేశ్ కూడా తన పెంపుదలల తేదీలు ఒకసారి చూసుకోవాలి. 2019 జనవరిలో 2,000, 2024 జనవరిలో 3,000, అదే ఏడాది జూలైలో 4,000. ఈ మూడూ ఎన్నికల చుట్టూ తిరిగినవే. ఏటా ధరలతోపాటు పింఛను పెరిగేలా రెండు రాష్ట్రాలూ చట్టం చేస్తే ముసలివాళ్లు ఓట్ల పండుగ కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు.

చాలామందికి ఈ పింఛను డబ్బులో పెద్ద భాగం వెళ్లేది మందుల దుకాణానికే. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, కంటి చుక్కలు. మన వైద్య పథకాలేమో ఆస్పత్రి మంచం చుట్టూ అల్లినవి. 2024 అక్టోబరులో 70 ఏళ్లు దాటిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల వైద్యం ప్రకటించారు. మంచి పనే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలైంది. అదీ మంచిదే. కానీ ఆయుష్మాన్ కార్డు పనిచేయాలంటే ఆస్పత్రిలో చేరాలి. డిశ్చార్జి అయిన పదిహేను రోజుల వరకే మందులు. ఆ తర్వాత జీవితాంతం వేసుకోవాల్సిన బిళ్లలకు దిక్కెవరు?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇవ్వాల్సిందే. చాలాచోట్ల పదిహేను రోజులకో నెలకో సరిపడా ఇచ్చి మళ్లీ రమ్మంటారు. వెళ్తే ఒక్కోసారి స్టాకు ఉండదు. ఆటో చార్జీ పెట్టుకుని వెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చిన మనిషి మరుసటి నెల వెళ్లడు. ఊళ్లోని దుకాణంలో నాలుగు బిళ్లలు కొని రోజు విడిచి రోజు వేసుకుంటాడు, లేదా విరిచి సగం మింగుతాడు. చౌకగా దొరికే జనౌషధి దుకాణాలు ఎక్కువగా పట్టణాల్లోనే ఉన్నాయి. ఇలా అరకొర మందులతో బీపీ అదుపు తప్పి పక్షవాతం వస్తుంది. షుగరు ముదిరి కిడ్నీలు పాడవుతాయి, కాలు తీసేయాల్సి వస్తుంది. అప్పుడు అదే ప్రభుత్వం అతని డయాలసిస్‌కు, ఆపరేషన్‌కు డబ్బు కడుతుంది. నెలనెలా బిళ్లలు అందించి ఉంటే ఖజానాకు ఖర్చు తగ్గేది, ఆ మనిషి తన కాళ్లమీద తాను నడిచేవాడు.

దీనికి కొత్త యంత్రాంగం కూడా అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను పట్టుకుని ప్రతి గడపా తొక్కుతున్న గ్రామ సచివాలయంలోనే ఏఎన్ఎం ఉన్నారు. పింఛను జాబితాను, షుగరు బీపీ రోగుల జాబితాను పక్కపక్కన పెట్టి, మూడు నెలలకు సరిపడా మందులు ఇంటికే చేర్చవచ్చు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 104 వాహనాలు ఊరూరా తిరిగి ఇవే మందులు పంచాయి. తెలంగాణలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెలిసినవారే. వారి చేతికి మందులు, చేసిన పనికి తగిన జీతం ఇస్తే చాలు.

కన్నవాళ్లను పిల్లలు చూసుకోవాలి గానీ ఇదంతా ప్రభుత్వం నెత్తిన రుద్దడమేమిటని అడిగేవారున్నారు. చూడని పిల్లలపై ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కును 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టం ఇచ్చింది. ఆస్తి రాయించుకుని గెంటేసిన కొడుకుల విషయంలో అది గట్టిగా పనిచేయాలి. కొడుకే రోజుకూలీ అయితే ఏ తల్లి ట్రిబ్యునల్ మెట్లెక్కుతుంది? ఎక్కినా అక్కడ ఆమెకు దక్కేదేముంది? కొడుకు పేదరికం తల్లి మందులకు అడ్డు కాకూడదు. అందుకు పూచీ పడవలసింది ప్రభుత్వమే.

కేంద్రం వాటా ధరలతో నడిచి ఉంటే ఈపాటికి 600 దాటేది. ముందుగా దాన్ని కనీసం వెయ్యి చేసి, ఎంపీల జీతంలాగే సూచీతో ముడిపెట్టాలి. పాత లెక్కల ప్రకారం లబ్ధిదారుల సంఖ్యపై విధించిన గరిష్ఠ పరిమితి ఎత్తేయాలి. ఆయుష్మాన్ కార్డును 60 ఏళ్లకే ఇచ్చి అందులో నెలవారీ మందులను చేర్చాలి. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం నిలబడటానికి 16 మందిని అందించిన తెలుగుదేశం, తెలంగాణ నుంచి ఎనిమిదేసి స్థానాలు గెలిచిన బీజేపీ, కాంగ్రెస్ వచ్చే బడ్జెట్‌కు ముందే ఈ మాట ఆర్థిక మంత్రి ముందు పెట్టాలి. పెట్టారో లేదో, ఏ జవాబు తెచ్చారో తమ నియోజకవర్గాల్లో పింఛను అందుకుంటున్న ప్రతి వృద్ధుడికీ వారు లెక్క చెప్పాలి.