మర్దన చేసే చేతులకు చదువు చెప్పండి

మా చిట్యాల మండలంలో పత్తి ఏరుడు మొదలైందంటే నడుం నొప్పులు మొదలైనట్టే. దసరా దాటినప్పటి నుంచి సంక్రాంతి దాకా ఆడవాళ్లు పొద్దంతా వంగి ఏరుతారు. నడుముకు కట్టుకున్న ఒడి నిండేకొద్దీ బరువు ముందుకు గుంజుతుంది. అంతకు ముందు వానాకాలం నాట్లు, ఆ తర్వాత యాసంగి నాట్లు, ఆపైన మిర్చి. భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరైన మగవాళ్ల నడుములు, మోకాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏఎన్ఎంగా ఊళ్లు తిరిగే నేను బీపీ చూసే పట్టీ ఇంకా చేతికి చుట్టకముందే వినే మాట ఒకటుంది: "నడుం పట్టింది బిడ్డా, ఒక సూది ఎయ్యరాదు."

నేను వెయ్యను. వేసేవాళ్ల దగ్గరికి పోతారు. ఒక డైక్లోఫెనాక్ సూది, చేతిలో నాలుగు గోలీలు. ఆ గోలీల్లో ఒకటి స్టెరాయిడ్ అయి ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పరు. నొప్పి ఆ పూటకు పోతుంది, మర్నాడు మళ్లీ చేనుకు పోతారు. ఏళ్ల తరబడి ఇదే నడిస్తే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, స్టెరాయిడ్ వల్ల ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది. మొహం ఉబ్బి వచ్చిన ఆడమనిషిని "ఏం మందులు వాడుతున్నవ్ అక్కా" అని అడిగితే కొంగుముడి విప్పి, పేరున్న భాగం చింపేసిన గోలీల షీటు చూపిస్తుంది. ఫిజియోథెరపీకి పొమ్మంటే పరకాల, హనుమకొండ పోవాలి. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు బస్సు ఉచితమే. ఆ రోజు కూలీ మాత్రం పోతుంది.

సూదికీ ఫిజియోథెరపీకీ నడుమ మా ఊళ్లో ఒకప్పుడు ఇంకో దారి ఉండేది. అది చెయ్యి.

మాది నాయీబ్రాహ్మణ కుటుంబం. మా తాత క్షవరం చేసేవాడు, బెణుకులు సరిచేసేవాడు, పట్టిన మెడలు వదిలించేవాడు. మా నాయనమ్మ మంత్రసాని. బాలింత నడుముకు ఆముదం గోరువెచ్చగా కాచి రాసి, వెన్నెముకకు రెండు పక్కలా బొటనవేళ్లతో కింది నుంచి పైకి ఒత్తుకుంటూ పోయేది. ఒత్తుతున్నంతసేపూ చూపు చేతి మీద ఉండేది కాదు, మనిషి మొహం మీద ఉండేది. ఎక్కడ కళ్లు చిట్లిస్తే అక్కడ ఆగేది, బలం తగ్గించి చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చేది. జ్వరం ఉన్నవాళ్లను, ఎర్రగా వాచిన కాలును ముట్టేది కాదు. ఎందుకని అడిగితే "అది నా పని గాదు" అనేది. ఆమెకు డబ్బులు ఇచ్చినవాళ్లు తక్కువ. కల్లం దగ్గర పెట్టే గింజలే జీతం.

కాన్పులు దవాఖానకు మారాయి. మారాలి కూడా, నా ఉద్యోగమే దానికోసం. 2017లో కేసీఆర్ కిట్ పథకం వచ్చాక సర్కారు దవాఖానలో కాన్పు మా ఊళ్లలో మామూలైంది. తల్లులు, పిల్లలు బతుకుతున్నారు. అయితే కాన్పుతో పాటు మంత్రసాని చేతిలోని మిగతా విద్య కూడా ఇంటి నుంచి వెళ్లిపోయింది. దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు, పరీక్షించలేదు, మంచీ చెడూ వేరు చెయ్యలేదు.

చైనా వాళ్ల తుయినా గురించి చదివినప్పుడు నన్ను పట్టి ఆపింది ఈ సంగతే. తుయినా అంటే వాళ్ల సంప్రదాయ మర్దన వైద్యం. తాంగ్ రాజుల కాలంలోనే ఆస్థాన వైద్యశాలలో మర్దనకు వేరే విభాగం ఉండేది. యాంగ్ జీజౌ 1601లో వెలువరించిన సూది వైద్య (ఆక్యుపంక్చర్) గ్రంథంలో పసిపిల్లల మర్దనకు ప్రత్యేకంగా ఒక భాగముంది. మింగ్ రాజుల కాలంలో ఆస్థానం ఆ మర్దన విభాగాన్ని ఎత్తేసింది. తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా అది పెద్దింటి విద్య కాకుండా పోయి వీధుల్లో, స్నానశాలల్లో, క్షౌరం చేసేవాళ్ల దగ్గర బతికింది. అంటే మా తాతలాంటి వాళ్ల చేతుల్లో.

అక్కడితో ఆగి ఉంటే వాళ్ల కథా మన కథా ఒకటే అయ్యేది. కానీ 1956లో షాంఘైలో తుయినా శిక్షణ తరగతి పెట్టారు. 1958లో ప్రత్యేక క్లినిక్కు, పాఠశాల మొదలయ్యాయి. పాఠం చెప్పడానికి ఎవరిని పిలిచారో చూడండి: తరతరాలుగా ఆ పని చేస్తూ వచ్చిన వాళ్లనే. ఒక్క బొటనవేలి కొసతో గంటల తరబడి ఒకే లయలో ఒత్తే పరంపరకు చెందిన జూ చున్‌తింగ్ ఆ పాఠశాలకు నాయకత్వం వహించాడు. అదే పరంపరలో పుట్టిన దింగ్ జీఫెంగ్, బొటనవేలి బలం పెద్ద కండరాలకు చాలడం లేదని, అరచేతి వెనక భాగాన్ని చిటికెనవేలి వైపు నుంచి దొర్లించే పద్ధతి తయారుచేశాడు. నడుముకు, పిరుదులకు, తొడలకు ఈరోజు తుయినాలో ఎక్కువగా వాడేది అదే. విద్యార్థులు మనిషిని ముట్టుకోవడానికి ముందు బియ్యమో ఇసుకో నింపిన సంచి మీద నెలల తరబడి చెయ్యి సాధన చేస్తారు. సూది వైద్యం, తుయినా కలిపి ఐదేళ్ల డిగ్రీ ఉంది. పెద్దాసుపత్రుల్లో తుయినాకు వార్డులున్నాయి. చూపులేని వాళ్లకు మర్దన వైద్యం అక్కడ గౌరవమైన జీవనోపాధి. వాళ్ల జీవితం మీద బీ ఫేయు రాసిన నవలకు 2011లో మావో దున్ బహుమతి కూడా వచ్చింది.

ఇది మనకు సంబంధం లేని దేశపు ముచ్చట అనుకోవద్దు. 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలోని ద్వారకానాథ్ కోట్నిస్ సోలాపూర్‌లో పుట్టినవాడు. మా వైపు పద్మశాలీలు మగ్గం పట్టుకుని బతకపోయిన ఊరది. కోట్నిస్ 1942లో చైనాలోనే కన్నుమూశాడు. అదే బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాకు తెచ్చాడు. కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని 2003లో చికిత్సా పద్ధతిగా, 2019లో స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. సూదిని ఒప్పుకున్న దేశం చేతిని ఒప్పుకోవడానికి ఎందుకు వెనకాడాలి?

తుయినా వల్ల మేలు ఎంత? నర్సుగా నేను ఒప్పుకోగలిగినంతే చెబుతాను. ఒంట్లో చీ అనే శక్తి పారే దారులున్నాయని, వాటిని తెరుస్తామని వాళ్ల శాస్త్రం అంటుంది. శరీరాన్ని కోసి చూసిన వైద్యానికి ఆ దారులు కనపడలేదు. కానీ పట్టేసిన కండరం ఒత్తిడికి వదులవుతుందని, చర్మం మీద స్పర్శ కబురు వెన్నుపాములో నొప్పి కబురుకు అడ్డం పడుతుందని చెప్పడానికి చీ అక్కర్లేదు. ఆ రెండో మాట మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే చెప్పారు. దెబ్బ తగిలిన చోట మనకు తెలియకుండానే చెయ్యి పెట్టి రుద్దుకునేది అందుకే. కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మందుల కంటే ముందు వేడి కాపడం, మర్దన, ఆక్యుపంక్చర్ లాంటివి చూడమని అమెరికా వైద్యుల సంఘం 2017లో చెప్పింది. ప్రపంచంలో 2020 నాటికి నడుం నొప్పితో ఉన్నవాళ్లు 61.9 కోట్ల మంది అని చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, దీర్ఘకాలపు నడుం నొప్పి మీద 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, అవగాహనలతో పాటు మర్దననూ చేర్చింది. నడుం పట్టీలు మామూలుగా వాడొద్దంది. మా మండలంలో ప్రతి రెండో ఇంట్లో ఆ పట్టీ దండెం మీద వేలాడుతుంటుంది.

ఈ మేలుకు హద్దుంది. మర్దన ఉపశమనం చాలా వరకు కొద్ది కాలానిదే. ఆధారాలు కూడా బలమైనవేమీ కావని పరిశోధనలను జల్లెడ పట్టినవాళ్లే అన్నారు. దానికి తోడు నడుముకు బలమిచ్చే వ్యాయామం, వంగే పద్ధతి మార్చుకోవడం లేకపోతే నొప్పి తిరిగొస్తుంది. అయినా కిడ్నీని తినని పది రోజుల ఉపశమనం, కిడ్నీని తినే ఒక పూట ఉపశమనం కంటే ఎంతో నయం. షుగరు, పక్షవాతం, గుండెజబ్బు ఒత్తితే పోతాయనేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. టౌన్లలో వేడి రాళ్ల మంచాల మీద ఉచితంగా పడుకోబెట్టి, నెల తిరిగేసరికి అప్పు చేయించి ఆ మంచం అంటగట్టేవాళ్లకు చైనా పేరో, కొరియా పేరో ఒక ముసుగు. తుయినాలో ఉన్నది శిక్షణ పొందిన చెయ్యి. ఆ మంచంలో ఉన్నది కరెంటు.

ప్రమాదాలున్నాయి, దాచిపెట్టను. విరిగిన కాలికి పట్టీ కట్టుకుని రోజుల తరబడి కదలకుండా ఉంటే రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టొచ్చు. ఢిల్లీలో అలాంటి కాలును తల్లి ప్రేమగా నూనెతో మర్దన చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి కొడుకు చనిపోయిన సంగతి 2017లో పత్రికల్లో వచ్చింది. మెడను టక్కున తిప్పి విరిచేవాళ్ల వల్ల మెదడుకు పోయే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదముంది. క్షవరం అయ్యాక అలవాటుగా మెడ విరిపించుకునే అన్నలారా, అది మానండి. నడుం నొప్పితో పాటు రాత్రి జ్వరం, బరువు తగ్గడం, కాలు మొద్దుబారడం, మూత్రం మీద అదుపు తప్పడం ఉంటే దవాఖానకే రావాలి. వెన్నెముక టీబీ అయినా కావచ్చు. ఇక పసిబిడ్డ చెవుల్లో, ముక్కుల్లో నూనె పొయ్యడం, తల గుండ్రంగా రావాలని అదమడం మా నాయనమ్మా చేసింది, ఇప్పటికీ కొందరు చేస్తున్నారు. ఆ పని బిడ్డకు చేటు. ఒంటికి మెత్తగా నూనె రాయడం వేరు.

చదువు కావాలని నేను అడిగేది ఈ ప్రమాదాల కోసమే. మర్దన చేసేవాళ్లకు శిక్షణ ఇస్తే దొంగ డాక్టర్లు పెరుగుతారని నాతో వాదించిన డాక్టర్లున్నారు. వాళ్ల భయం న్యాయమైనదే. కానీ మర్దన చేసేవాళ్లు ఊళ్లో ఇప్పటికే ఉన్నారు. శిక్షణ లేకుండా ఉన్నారు. ఎవరిని ముట్టకూడదో తెలిసిన మనిషి, తెలియని మనిషి కంటే తక్కువ ప్రమాదం. మర్దన అంటే పత్రికల్లో స్పా సెంటర్ల మీద పోలీసు దాడుల వార్తే వస్తుంది గనుక చదువుకున్న పిల్లలు ఆ పనికి సిగ్గుపడుతున్నారు. దవాఖానలో తెల్లకోటు వేసి, గదికి బోర్డు పెట్టి చేయిస్తే ఆ సిగ్గు పోతుంది.

2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో క్షౌరవృత్తి ఒకటి. శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేల రూపాయలు ఇస్తున్నారు. మన రాష్ట్రం 2021 నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ఇస్తోంది. రెండూ మంచివే, రెండూ కత్తెర చుట్టూ తిరిగేవే. ఈ వృత్తివాళ్ల చేతిలో ఇంకో విద్య ఉందన్న సంగతి ఏ పథకానికీ తట్టలేదు.

భూపాలపల్లిలో 2023 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ఈ రెండూ కలిసి ఒక ఏడాది కోర్సు పెట్టాలి. మొదటి మూడు నెలలు శరీర నిర్మాణం, ముట్టకూడని జబ్బులు. ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో చేతి పని, వ్యాయామాలు. తుయినాలో తీసుకోదగ్గది తీసుకోవాలి, మన తైలమర్దనలో నిలిచేది నిలపాలి, రెండింటిలోనూ హాని చేసేది తీసేయాలి. ఆడవాళ్లకు, చూపులేని వాళ్లకు సీట్లు ఉండాలి. పూర్తిచేసినవాళ్లను మండలానికి ఇద్దరి చొప్పున పత్తి, మిర్చి ఏరే నెలల్లో పల్లె దవాఖానల్లో కూర్చోబెట్టాలి. చికిత్స పొందినవాళ్లు సూదులు ఎంత తగ్గించారో రాసిపెట్టాలి. పనికి రాలేదని తేలితే ఆపేయవచ్చు.

జిల్లా కలెక్టరు గారికి, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నా విన్నపం ఇదే. చిట్యాల మండలంలో ఆ విద్య తెలిసిన ముసలమ్మలు, సెలూన్లు నడిపే అన్నలు ఇంకా ఉన్నారు. కోర్సు మొదలుపెట్టండి, వాళ్లను తీసుకొచ్చే బాధ్యత నాది.