కాగితం మీద కెపాసిటీ, కాలువలో మురుగు: పీణ్యలో మనం అడగాల్సిన లెక్క

పీణ్య, దాసరహళ్లి, లగ్గెరె, జాలహళ్లి చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు స్థిరపడి రెండు మూడు తరాలైంది. ఫ్యాక్టరీ పనికని వచ్చినవాళ్లం ఇక్కడే ఇళ్లు కట్టుకున్నాం, ఫ్లాట్లు కొనుక్కున్నాం. కావేరి నీళ్లు ఎప్పుడు వదులుతారు, ట్యాంకర్ ధర ఎంత పెరిగింది అన్నవి మనకు రోజూ ఉండే మాటలే. వాడి వదిలేసిన నీళ్లు ఎటు పోతున్నాయన్న మాట మాత్రం అసోసియేషన్ మీటింగులో అందరూ లేచే వేళకు వస్తుంది.

2024 వేసవిని మనం మరచిపోలేదు. నగరంలోని సుమారు 14,000 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. తాగునీటితో కారు కడిగితే ₹5,000 జరిమానా అన్నారు. అపార్ట్‌మెంట్లు తమ శుద్ధి చేసిన నీటిలో సగం వరకు బయటికి అమ్ముకోవచ్చని అనుమతిచ్చారు. అదే ఏడాది అక్టోబర్‌లో కావేరి ఐదో దశ మొదలైంది. నగర శివారులో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్లు. సంతోషమే. కానీ ఇంట్లోకి వచ్చిన నీటిలో దాదాపు 80 శాతం మురుగై బయటికి వెళ్తుంది. అంటే రోజుకు 62 కోట్ల లీటర్ల కొత్త మురుగు. దాన్ని ఎవరు శుద్ధి చేస్తారు?

జవాబులో ఒక భాగం మన సెల్లార్లలోనే ఉంది. నిర్ణీత పరిమాణం దాటిన అపార్ట్‌మెంట్లకు సొంత ఎస్టీపీ తప్పనిసరి కావడంతో బెంగళూరులో ఇలాంటి చిన్న ప్లాంట్లు వేలల్లో ఉన్నాయి. 120 ఫ్లాట్ల సముదాయాన్ని తీసుకుందాం. ఇంటికి ఐదుగురు చొప్పున 600 మంది. తలకు 135 లీటర్ల చొప్పున రోజుకు 81,000 లీటర్ల వాడకం. అందులో 80 శాతం అంటే సుమారు 65,000 లీటర్లు. బిల్డర్ '65 కేఎల్‌డీ ప్లాంట్' అని బోర్డు పెట్టి తాళాలు అప్పగిస్తాడు. అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

మురుగు రోజంతా సమానంగా రాదు. పొద్దున ఆరు నుంచి పది లోపల ఒక్కసారిగా వచ్చి పడుతుంది. దాన్ని ఆపి నిదానంగా పంపే ట్యాంకు చిన్నదైతే, 65 కేఎల్‌డీ ప్లాంటు కూడా ఆ నాలుగు గంటలు తట్టుకోలేదు. మురుగును తినేది సూక్ష్మజీవులు. వాటికి ఎప్పుడూ గాలి అందాలి. కరెంటు ఖర్చు తగ్గించాలని రాత్రిళ్లు బ్లోయర్ ఆపేస్తే అవి చస్తాయి, తెల్లారేసరికి కంపు మొదలవుతుంది. సగం ఫ్లాట్లు ఖాళీగా ఉంటే వాటికి మేత చాలదు. అడుగున చేరిన బురదను తీయకపోతే శుద్ధికి చోటే మిగలదు. బోర్డు మీద 65 అని ఉన్నా లోపల పనిచేసేది అందులో సగమూ కాకపోవచ్చు.

పీణ్యకు మరో చిక్కుంది. ఇది ఎలక్ట్రోప్లేటింగ్ యూనిట్ల ప్రాంతం. ఇక్కడి భూగర్భ జలాల్లో హెక్సావాలెంట్ క్రోమియం బయటపడింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018 మదింపులో పీణ్య తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేరింది. ప్లేటింగ్ నీళ్లను దొంగచాటుగా మామూలు మురుగు లైనులో వదిలితే ఆ లోహాలు సూక్ష్మజీవులనే చంపేస్తాయి. ఇళ్ల మురుగు కోసం కట్టిన ప్లాంటు ఎంత పెద్దదైనా దాని ముందు నిలవదు. పీణ్య వైపు మురుగు వృషభావతిలో కలిసి, బైరమంగల చెరువు మీదుగా అర్కావతికి, అక్కడి నుంచి కావేరికి చేరుతుంది.

శుద్ధి చేసిన నీళ్లు ఇక మనకు పరాయి విషయం కావు. కోరమంగల-చల్లఘట్ట లోయ నీళ్లు 2018లో కోలారు చెరువులకు చేరాయి. హెబ్బాళ-నాగవార లోయ నీళ్లు చిక్కబళ్లాపురం వైపు వెళ్తున్నాయి. రెండూ తెలుగు మాట్లాడే పల్లెలున్న జిల్లాలే. 2018 జూలైలో కోలారు లక్ష్మీసాగర చెరువులో నురగ పొంగింది, హైకోర్టు నీటిని ఆపింది, తర్వాత మళ్లీ వదిలారు. ప్లాంటు ఎంత పెద్దదని ఆ రైతులు అడగలేదు. నీళ్లు శుభ్రంగా ఉన్నాయా అనే అడిగారు.

ఇంకా బాధాకరమైన విషయం మనుషుల ప్రాణాలు. 2018 జనవరిలో హెచ్ఎస్ఆర్ లేఔట్ దగ్గర సోమసుందరపాళ్యలో ఒక అపార్ట్‌మెంట్ ఎస్టీపీలోకి దిగిన ముగ్గురు చనిపోయారు. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు దళిత కుటుంబాలవారు. ఈ దురాచారంపై దశాబ్దాలుగా పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ పుట్టింది మన పక్కనే, కోలారు బంగారు గనుల్లోని తెలుగు కుటుంబంలో. మనుషులను ఇలా దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. మెయింటెనెన్స్‌లో నెలకు వంద రూపాయలు మిగిలాయని మురిసిపోయే ముందు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

నిర్వహణ ఖర్చు బరువేనని మాకూ తెలుసు. చిన్న అపార్ట్‌మెంట్లకు మరీ బరువు. పక్కపక్క సముదాయాలు కలిసి ఒక్క ప్లాంటు నడుపుకునే వీలు, శుద్ధి చేసిన నీటికి ఖాయమైన కొనుగోలుదారులు ఉండేలా చూడటం జలమండలి, ప్రభుత్వాల బాధ్యత. పీణ్య ఫ్యాక్టరీలకు నీళ్లు కావాలి, అపార్ట్‌మెంట్లలో నీళ్లున్నాయి. ఈ రెంటినీ కలపడానికి కొత్త నది అక్కర్లేదు.

మన వంతు పనీ ఉంది. వచ్చే మీటింగులో నాలుగు ప్రశ్నలు అడుగుదాం. రోజుకు ఎన్ని లీటర్లు వస్తున్నాయి, ఎన్ని శుద్ధి అవుతున్నాయి? బ్లోయర్ ఎన్ని గంటలు నడుస్తోంది? బురద చివరిసారి ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు, యంత్రంతోనా మనిషితోనా? నీటి పరీక్ష రిపోర్టు నోటీసు బోర్డు మీద ఎందుకు లేదు? ఫ్లష్‌కు తలకు 45 లీటర్ల చొప్పున 600 మందికి రోజుకు 27,000 లీటర్లు కావాలి. అంటే 6,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగున్నర. ఆ నీళ్లు మన సెల్లార్లోనే ఉన్నాయి. వచ్చే వేసవికి ముందే ఈ లెక్క తేల్చుకోవడం మంచిది.