తెర వేరు, లెక్క వేరు

కంప్యూటర్ తెరపై ఏది ఎక్కడ ఉండవలెనో వర్ణించే భాష ఒకటి. వెనుక నుండి లెక్క కట్టే భాష మరొకటి. 2010లో క్యూటీ 4.7తో వెలువడిన క్యూఎంఎల్ మొదటి కోవకు, సి ప్లస్ ప్లస్ రెండవ కోవకు చెందుతాయి.

మన విద్యార్థి మిత్రులు కొందరు ఉపకార వేతనపు అర్హతను తేల్చే షరతును సైతం తెరమీది బటన్‌లోనే వ్రాస్తున్నారు. తెలుగు తెరకొకటి, ఉర్దూ తెరకొకటిగా ఆ షరతు రెండుచోట్ల వెలుస్తుంది. ఆదాయ పరిమితి మారిననాడు ఒకచోట దిద్ది రెండవచోట మరచినచో, సమాన ఆదాయం గల ఇద్దరిలో ఒకరికి వేతనం, ఒకరికి నిరాకరణ! పేద విద్యార్థికి ఇంతకన్న అన్యాయం లేదు.

షరతు సి ప్లస్ ప్లస్‌లో ఒక్కచోటనే ఉండాలి. తెర దానిని చదివి చూపితే చాలు. విలువ మారినప్పుడు వెలువడవలసిన నోటిఫై సంకేతాన్ని ప్రకటించకపోతే తెర పాత విలువనే పట్టుకొని కూర్చుంటుంది. అంతకన్న మోసకరమైనది మరొకటి: లెక్కతో ముడిపడిన గుణానికి తెరవైపు నుండి జావాస్క్రిప్టులో నేరుగా విలువనిస్తే ఆ ముడి తెగిపోతుంది. మామూలుగా హెచ్చరికైనా కనిపించదు. ప్రయోగశాలలో గంటలు మింగే చిక్కు ఇది.

ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది గనుక తెర అమరిక తిరగబడాలి. అందుకు లేఅవుట్ మిర్రరింగ్ ఉన్నది (ఎక్స్ విలువలతో నిలిపినవాటిని మాత్రం అది తిప్పదు). లెక్కకు దిశతో పనిలేదు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. ప్రాజెక్టు పరీక్షలో తెరను తొలగించి, లెక్క భాగాన్ని మాత్రమే నడిపి చూపుమని అడగండి. నడవనిదానిని తిప్పి పంపండి, తెర ఎంత అందంగా ఉన్నా సరే.