ఆ పుస్తకం సంగతి, ఈ ఫోను సంగతి



మొన్నటి పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి మా లైబ్రరీ పుస్తకం ఒకటి నా టేబుల్ మీద పెట్టి, "ఆడపిల్లకి ఇలాంటివి ఇస్తారేటి మాస్టారూ?" అని అడిగారు. ఆయనది పాచిపెంట. నాదీ ఆ ఊరే కాబట్టి కోపాన్ని కాస్త చనువుగానే చూపించారు. అట్ట మీద చలం పేరు చూశారు, లోపల ఒక్క పేజీ తిప్పలేదు. అది 'బిడ్డల శిక్షణ'. పిల్లల్ని కొట్టకుండా, బెదిరించకుండా ఎలా పెంచాలో పెద్దవాళ్లకి చెప్పే పుస్తకం. తొమ్మిదో తరగతి చదువుతున్న వాళ్లమ్మాయి దాన్ని అమ్మకి ఇద్దామని తీసుకెళ్లిందట.

ఆయన ఫీజు కౌంటర్ వైపు వెళ్లాక తల్లి వెనక ఆగారు. గొంతు తగ్గించి, "పుస్తకం సంగతి వదిలేయండి సార్, చిన్నోడి ఫోను చూశాను" అన్నారు. ఏం చూశారో చెప్పలేకపోయారు, చెప్పాల్సిన పనీ లేదు. ఆ పిల్లవాడు ఏడో తరగతి. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులకని కొన్న ఫోను అది. అప్పట్లో మా కొండ ఊళ్లలో సిగ్నల్ కోసం పిల్లలు గట్లెక్కి కూర్చునేవారు. క్లాసులు ఆగిపోయినా ఫోను మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ ఇంటివారి అనుమతితోనే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. ఒకే ఇంట్లో ఒకే వారం రెండు భయాలు పుట్టాయి. నాన్నగారి భయం పుస్తకం గురించి, అమ్మగారి భయం ఫోను గురించి. మనలో ఎక్కువమంది మొదటి భయాన్ని గట్టిగా అరిచి చెబుతాం, రెండోదాన్ని దాచుకుంటాం.

పుస్తకాల మీద మనకి ఈ కోపం కొత్త కాదు. తంజావూరు ఆస్థానంలో 18వ శతాబ్దంలో ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికా సాంత్వనము' రాసింది. స్త్రీల కోసం ఎంతో చేసిన వీరేశలింగం గారే అది అసభ్యమన్నారు. బెంగుళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగ కవులకి అక్కర్లేదా అని నిలదీసి, 1910లో ఆ కావ్యాన్ని అచ్చు వేయించింది. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధానిగా ఉండగా 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు. ఇక చలం 'మైదానం' వచ్చింది 1927లో. ఆ పుస్తకాన్ని బూతన్నవాళ్లకి లెక్క లేదు. రాసినాయన ఉద్యోగమేమో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు!

మరి విజయనగరం గురజాడ వారి 'కన్యాశుల్కం'? అందులో జనం ఎక్కువగా ఇష్టపడే మనిషి మధురవాణి, ఒక వేశ్య. ఆ నాటకం చదివి చెడిపోయిన పిల్లవాడు నాకింతవరకు తారసపడలేదు.

ఇంత చెప్పాక నా సంగతీ చెప్పాలి. నేను అప్పుడప్పుడు కథలు రాస్తాను. కొన్నేళ్ల కిందట ఒక కథలో కొత్తగా పెళ్లయిన జంట మొదటి రాత్రి గురించి ఒక పేజీ రాశాను. పిల్లలు చదివితే ఏమనుకుంటారో, మేనేజ్‌మెంట్ ఏమంటుందో అని దాన్ని మూడుసార్లు కొట్టేసి, మూడుసార్లు తిరిగి రాసుకున్నాను. చివరికి అచ్చయింది. పత్రిక వచ్చిన రోజు దాన్ని స్టాఫ్ రూమ్ బీరువాలో అడుగున పెట్టాను. ఆ పేజీ కథకి అవసరమై రాశానా, రాయడంలో నాకే ఏదో సరదా ఉండి రాశానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. శృంగారం రాసే ప్రతివాడికీ ఈ అనుమానం ఉంటుందనుకుంటాను. లేనివాణ్ణి మాత్రం నేను నమ్మను.

అయితే ఆ అనుమానంతో కుస్తీ పడుతుంటే ఒక తేడా కనిపించింది. నా కథలో అమ్మాయికి పేరుంది. ఆమెకి భయం ఉంది, మర్నాడు పొద్దున్న అత్తగారి ఎదుట కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడాల్సిన ఇబ్బంది ఉంది. అబ్బాయి ఆమెని అడుగుతాడు, ఆమె ఆగమంటే ఆగుతాడు. ఏడో తరగతి కుర్రాడి ఫోనులోకి వచ్చిన వీడియోలో ఇవేవీ ఉండవు. అడగడం ఉండదు, వద్దనడం ఉండదు, మర్నాటి పొద్దు అసలే ఉండదు. పెద్దవాడైతే అదంతా నటన అనుకోగలడు. పన్నెండేళ్ల వాడికి అదే మొదటి పాఠం. ఆడదంటే ఇంతే, మగాడు చేయాల్సింది ఇదే అని నేర్చుకుంటాడు.

అచ్చులో ఉంటే మంచిది, వీడియో అయితే చెడ్డది అనడం లేదు. మా చిన్నప్పుడు బస్టాండు కొట్లలో పిన్ను కొట్టి అమ్మిన పుస్తకాలూ అచ్చులోనే ఉండేవి. వాటిలో మనుషులు ఉండేవారు కారు, వావి వరసలు మాత్రం ఉండేవి.

పెద్దలు తమంతట తాము చూసుకుంటే హాని ఉందా లేదా అన్న విషయంలో పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. చూడటం వల్ల మనిషి మారాడా, మారిన మనిషే ఎక్కువ చూస్తున్నాడా అన్నది విడదీయడం కష్టం. ఆ వాదన ఇక్కడ ముగించే తాహతు నాకు లేదు. పిల్లల విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు. ఇంగ్లండు బాలల కమిషనర్ 2023 జనవరి నివేదిక కోసం 16 నుంచి 21 ఏళ్ల వారిని అడిగితే, ఇలాంటివి మొదటిసారి చూసిన సగటు వయసు 13 అని తేలింది. 9 ఏళ్లకే చూసేసినవారు 10 శాతం. 18 నిండేలోపు హింసతో కూడినవి కంటపడినవారు 79 శాతం. మన పిల్లల చేతిలో ఉన్న ఫోనూ అలాంటిదే.

ప్రభుత్వం నిషేధించొచ్చు కదా అంటారు. 2015లో 857 సైట్లు ఆపమని కేంద్రం ఆదేశించి, వారం తిరక్కుండానే వెనక్కి తగ్గింది. 2018లో కోర్టు చెప్పాక మళ్లీ వందల సైట్లు మూయించారు. మన చిన్నోడు చూసింది 2018 తర్వాతే కదా. అందుకే తాళం కంటే మాట మీద నాకు నమ్మకం ఎక్కువ. అలాగని తాళం వద్దనను. రాత్రి పడుకునేటప్పుడు ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగు పెట్టండి, మీదీ కలిపి.

మాట అన్నాను కాబట్టి మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. దాన్ని "ఇంట్లో చదువుకోండి" అని దాటేసే టీచర్లు మాలో ఉన్నారు. ఇంట్లో మీరేమో స్కూల్లో చెబుతారులే అనుకుంటారు. మధ్యలో ఫోను చెబుతోంది.

దొరికిన రోజు కొట్టకండి. బంధువుల ముందు పరువు తీయకండి. "ఎవరు పంపారు, చూస్తే నీకేమనిపించింది?" అని అడగండి. చాలామంది పిల్లలు భయమేసిందనే చెబుతారు. చూసింది అమ్మాయైతే చదువు మాన్పించేయాలన్న ఆలోచన రానీయకండి. అబ్బాయికి ఎవరూ అలా చేయరు కదా.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పిల్లల అశ్లీల దృశ్యాలు ఏవైనా మీ ఫోనుకి వస్తే, "చూడండి ఎంత ఘోరమో" అని క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మంచి ఉద్దేశంతో పంపినా అది నేరం కిందికి వస్తుంది. అలాంటివి దాచుకోవడం, చూడటం కూడా పోక్సో చట్టం కింద నేరం కావచ్చని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు చెప్పింది. మీ పేరు ఇవ్వకుండానే సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పిల్లలకి సాయం కావాలంటే 1098కి ఫోన్ చేయొచ్చు.

ఆ తండ్రి మీటింగు అయ్యాక వెనక్కి వచ్చారు. భార్య ఏం చెప్పారో నాకు తెలీదు. టేబుల్ మీదున్న 'బిడ్డల శిక్షణ'ని ఓసారి తిరగేసి, "ఇది నేను పట్టుకెళ్తానండి" అన్నారు. లైబ్రరీ రిజిస్టరులో ఇప్పటికీ వాళ్లమ్మాయి పేరు మీదే ఉంది. గడువు దాటి పన్నెండు రోజులైంది. ఫైను వేయవద్దని లైబ్రేరియన్ మేడంకి చెప్పాను.