గృహారోగ్యము: వానలతో వచ్చు ఇన్‌ఫ్లుయెంజా



ఇన్‌ఫ్లుయెంజా చలికాలపు జబ్బని మనలో పలువురి నమ్మకము. ఇంగ్లండు, అమెరికా వంటి శీతలదేశములలో నది నిజమే. చల్లని పొడిగాలిలో నా వైరసు చిరకాలము నిలుచును. ఉష్ణదేశములలో దాని నడక వేఱు. మన దేశముననే శ్రీనగరమున నది చలికాలమందు హెచ్చును. పూనాలో ముఖ్యముగా నైరృతి వానలతో హెచ్చును. చెన్నపట్టణమున అక్టోబరు, నవంబరు నెలల వానలతో హెచ్చును.

మన హైదరాబాదునందును వానకాలమే దీనికి ముఖ్యకాలము. మృగశిర కార్తెతో తొలకరి పడును, బడులు తెఱతురు. కాచిగూడ, చిక్కడపల్లి ప్రాంతముల యిఱుకిండ్లలో జల్లునకు వెఱచి తలుపులు మూసికొందుము. ఒకరి దగ్గు తుంపరలు వేఱొకరికి సోకుటకు అంతకంటె నేమి కావలయును? సంక్రాంతి వెనుకను రెండవసారి యీ జ్వరము తలయెత్తుట కలదు. 2015 జనవరి, ఫిబ్రవరి నెలలలో తెలంగాణమున నిది విజృంభించినప్పుడు రోగుల నమూనాలను మన నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో పరీక్షించిరి.

కావున టీకాకు తగిన కాలము మే నెల, లేదా జూను మొదటి దినములు. టీకా బలము దేహమున కుదురుటకు రెండు వారములు పట్టును. శీతలదేశములవలె అక్టోబరు వఱకు వేచియున్నచో మన వానకాలము గడచిపోవును. వైరసు రూపు మార్చుకొనుచుండును గనుక టీకా ఏటేట వేయించుకొనవలయును.

కడుపుతోనున్న పిల్లకు సూదియేలయని పెద్దలు శంకింతురు. గర్భిణికి ఈ జ్వరము ఇతరులకంటె హెచ్చు ప్రమాదకరము. ఆఱు నెలలు నిండని శిశువునకు ఈ టీకా వేయరాదు. తల్లి గర్భమందుండగా వేయించుకొన్న టీకాయే ఆ పసికందును కాపాడును. గర్భిణులకు వేయు టీకాలో నుండునది నిర్జీవ వైరసు. దానివలన జ్వరము సోకదు. కావున గర్భిణులు కాలమునకై వేచియుండక, వైద్యురాలి నడిగి వేయించుకొనుట మేలు.

జ్వరముతో ఆయాసము కలిగినను, శిశువు పాలు త్రాగకున్నను, మగతగా నున్నను, ఇంటివైద్యముతో కాలము పుచ్చక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలయును.

వానలకు ముందే ఆవకాయ పెట్టి జాడీలు భద్రపఱచుకొను గృహిణులకు ముందుచూపు మేము నేర్పనక్కఱలేదు. ఆ దినములలోనే ఇంటిల్లిపాదికి టీకా సంగతియు చూచుకొందురుగాక!