పుస్తెలతాడుకు ఏ సెక్షన్?

మొన్న ఒక పెళ్లిలో, పాపను ఇంజనీరింగ్‌లో చేర్చామని చెబితే మా మరిది "భయమెందుకు వదినా, కట్టే వడ్డీకి ట్యాక్స్ మినహాయింపు వస్తుంది కదా" అన్నాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అతనిది. ఎవరికి వస్తుందయ్యా అని అక్కడే అడగబోయి, పెళ్లిలో గొడవెందుకని ఊరుకున్నాను. ఇక్కడ అడుగుతున్నాను.

80ఇ అంటారే, దాని ప్రకారం చదువు అప్పు మీద కట్టిన వడ్డీని ఎనిమిదేళ్ల దాకా ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. ఇంతవరకే అన్న హద్దు కూడా లేదు. వినడానికి బాగానే ఉంది. లెక్క వేయండి. ఏడాదికి లక్ష వడ్డీ కడితే 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు 30 వేలు మిగులుతాయి. కోదాడలో మా అక్కకు? సాగర్ ఎడమ కాలువ కింద వరి వాళ్లది. సాగు ఆదాయానికి పన్ను లేదు కాబట్టి మిగిలేది సున్నా. ఎక్కువ సంపాదించేవాళ్లకు ఎక్కువ సాయమా!

పైగా అప్పు బ్యాంకుదో, గుర్తింపు ఉన్న సంస్థదో కావాలి. సూర్యాపేటలో మిషన్ కుట్టే మా పిన్ని కూతురు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. అంటే ఏడాదికి 24 శాతం. చట్టం కంటికి అది ఆనదు. మిర్యాలగూడలో నా సంగతి చెప్పనా? మా ఆయన రైస్‌మిల్లులో గుమస్తా. హాస్టల్ ఫీజు కోసం నా పుస్తెలతాడు బ్యాంకులోనే పెట్టాం. కానీ అది బంగారం అప్పు, చదువు అప్పు కాదట. 80సిలో ట్యూషన్ ఫీజు చూపించుకోవచ్చు గానీ హాస్టల్‌కు, డొనేషన్‌కు చోటు లేదు. ఆ లక్షన్నరలోనే పీఎఫ్, ఎల్ఐసీ కూడా సర్దుకోవాలి. ఇక కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ రెండు సెక్షన్లూ వర్తించవు.

పన్ను కట్టేవాళ్లకే రాయితీ, తప్పేముంది అంటారు. ఖజానాకు రావలసిన డబ్బు వదిలేయడమే కదా రాయితీ అంటే. మా అక్క ఎరువు బస్తాకూ జీఎస్టీ కడుతోంది మరి!

2024లో పీఎం విద్యాలక్ష్మి తెచ్చారు, నిజమే. ఎనిమిది లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకు వడ్డీలో 3 శాతం సాయం. అయితే తెచ్చినప్పుడు దేశమంతటికీ 860 సంస్థలు, ఏడాదికి లక్ష మంది విద్యార్థులు. జాబితాలో లేని కాలేజీ పిల్లల తల్లులు ఏం చేయాలి? గుర్తింపు ఉన్న ఏ కాలేజీలో చేరినా, పన్ను కట్టినా కట్టకపోయినా, వడ్డీ సాయం నేరుగా అప్పు ఖాతాలోనే వేయండి. నేనడిగేది అంతే.

పదో తారీకున తాడు వడ్డీ కట్టాలి. ఈలోపు మరిది ఫోన్ చేస్తే ఈసారి ఊరుకోను.