దండనతో విద్య అబ్బునా?

విద్యార్థిని దండించకుండా విద్య గరపడం సాధ్యమా అన్న ప్రశ్న నేటిది కాదు. వీధిబడి పంతులు కోదండం వేయించిన నాటి నుండి గోడకుర్చీ, గుంజిళ్ళు, తొడపాశం అన్న మాటలు మన బాల్యంలో భాగమైపోయాయి. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో బిడ్డను ఉస్తాదుకు అప్పగిస్తూ "చమ్‌డీ ఆప్‌కీ, హడ్డీ హమారీ" అనేవారు. తోలు మీది, ఎముకలు మావి అని దాని అర్థం. తెలుగు ఇళ్ళలో "దండం దశగుణం" అన్నారు.

ఈ రెండవ మాటను ఉదహరించేవారు ఆ శ్లోకాన్ని పూర్తిగా విన్నట్లు తోచదు. పక్షులను, కుక్కలను, శత్రువులను, పాములను, పశువులను అదిలించడానికి, బురదలోను, నీటిలోను, చూపు లేనప్పుడు, చీకటిలోను, ముసలితనంలోను కర్ర అక్కరకు వస్తుందని అందులో చెప్పారు. ఈ పదింటిలో బాలుని ప్రసక్తి ఎక్కడా లేదు.

మన ఆలూరు ప్రాంతంలో ఈ చర్చ కేవలం సిద్ధాంత చర్చ కాజాలదు. వాన తప్పిన ఏట ఎన్నో కుటుంబాలు ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోతాయి. బడి ఈడు పిల్లలు వెంట వెళ్ళక తప్పదు. నా చిన్ననాటి సహాధ్యాయి ఒకడు అలా వెళ్ళి రెండు నెలల తరువాత తిరిగి వచ్చాడు. వచ్చిన నాడే ఎక్కం అప్పగించలేకపోయాడు. మిరపకోతతో మండుతున్న అరచేతుల మీదనే బెత్తం పడింది. మరునాడు అతడు బడికి రాలేదు. ఆ తరువాత నేనతణ్ణి చూసింది ఆస్పరి రోడ్డు మీద, గొర్రెల వెంట. మా ఉపాధ్యాయులు క్రూరులు కారు; మాకు లెక్కలు వచ్చింది ఆయన చలవ వల్లనే. అయినా ఆ ఒక్క దెబ్బతో ఒక విద్యార్థి చదువు ముగిసిపోయింది. కన్నడమో, ఉర్దూయో ఇంటి భాషగా గల పిల్లవాడు తెలుగు తరగతిలో తడబడితే, దానిని మొండితనంగా భావించి కొట్టిన సందర్భాలు కూడా మనలో పలువురికి అనుభవమే.

బెత్తం లేనిదే క్రమశిక్షణ ఉండదని పెద్దలు అంటారు. ఒకే గదిలో రెండు మూడు తరగతులను కూర్చుండబెట్టి బోధించే ఉపాధ్యాయుని అవస్థ ఎరిగినవారెవరూ ఈ మాటను తేలికగా త్రోసిపుచ్చలేరు. కాని ఆ అవస్థకు మూలం ఉపాధ్యాయుల కొరత, గదుల కొరత. ఆ లోటుకు శిక్షను పసివాడు అనుభవించడం న్యాయమా? పైగా, దెబ్బకు జడిసిన పిల్లవాడు తనకు తెలియనిది తెలియదని చెప్పడం మానుకుంటాడు. శిష్యునికి ఎక్కడ బోధపడలేదో తెలియని గురువు ఏమి బోధించగలడు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1966 నాటి విద్యా నియమాలలోని 122వ నియమాన్ని 2002 ఫిబ్రవరిలో సవరించి, విద్యాసంస్థలలో దేహదండనను నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను మానసిక వేధింపును సైతం నిషేధించింది. అయితే ఈ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజ్యాంగం 30వ అధికరణం మనకిచ్చిన నిర్వహణ హక్కును కాపాడడానికి వెలువడిన తీర్పు అది; పిల్లలను కొట్టే హక్కును ప్రసాదించడానికి కాదు. చట్టం నిర్బంధించకపోయినా బెత్తాన్ని విడనాడిన సంస్థలుగా మన సంస్థలు పేరు తెచ్చుకోవాలి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. సుగ్గి నుండి తిరిగి వచ్చిన పిల్లలకు తప్పిపోయిన పాఠాలు చెప్పేందుకు సాయంత్రం ఒక గంట సేపు మన కళాశాల గదులను ఇప్పించండి. ఉర్దూ వచ్చినవారం ఉర్దూలో, తెలుగు వచ్చినవారం తెలుగులో చెబుతాము. ఇందుకు పెద్దగా వ్యయం కాదు.

విద్యార్థి మిత్రులారా! మనలో పలువురు రేపు ఉపాధ్యాయులు కానున్నారు. చాలాకాలానికి బడికి వచ్చిన పిల్లవాడు మన ఎదుట నిలబడిన నాడు, ఎక్కం అప్పగించమనే ముందు "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు నాయనా?" అని అడుగుదాం.